ఎర్ర గిటారుకు పడని గాలి

సామర్లకోట,
ఫిబ్రవరి 2002

ప్రియమైన బ్లెస్సీ,

క్షేమంగా ఇల్లు చేరాను. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాన్న మాత్రం కంపెనీ ఎందుకు మూసేశారు, కొత్త వీసా ఎప్పుడొస్తుంది అని అడిగి ఊరుకున్నారు. వీసా ఇచ్చిన మా పాత యజమాని, ఆ కఫీల్ తమ్ముడు రిఫాలో షోరూం తెరుస్తున్నాడు. నన్నే పిలుస్తానన్నాడు. కాబట్టి ఎండలు ముదిరేలోపు మళ్ళీ బహ్రెయిన్‌లో ఉంటాను.

ఎయిర్‌పోర్టుకు వెళ్ళే హడావుడిలో గిటారు నీ చేతిలో పెట్టి వచ్చేశాను. దాని గురించి సరిగ్గా చెప్పనే లేదు. విమానంలో సామాన్ విసిరేసేవాళ్ళను తలుచుకుంటే వెంట తెచ్చుకోవడానికి మనసొప్పలేదు. ఫోన్‌లో నీ గొంతు వినడానికే కార్డు అయిపోతుంది, అందుకే ఇదంతా రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

ఎలక్ట్రిక్ గిటారు గట్టి చెక్క కదా, దానికేమవుతుందిలే అనుకుంటారు అందరూ. ఒళ్ళు గట్టిదే. మెడ సుకుమారం. గాలిలో తేమ తగ్గితే చెక్క ముడుచుకుంటుంది, పెరిగితే ఉబ్బుతుంది. బయట సముద్రపు ఉక్క, లోపల ఏసీ పొడిగాలి. ఆ ఊళ్ళో గిటారుకు ఇదే గండం. ఏసీ కింద పెట్టకు. కిటికీ దగ్గర పెట్టకు, ఎండ తగిలే గోడకు ఆనించకు. ఎప్పుడూ కేసులోనే ఉండాలి. ఒక సబ్బుపెట్టెకు చిల్లులు పొడిచి, అందులో తడిపి పిండిన స్పాంజి ముక్క పెట్టి, కేసులో మెడ పక్కన ఉంచు. నీళ్ళు కారకూడదు సుమా. కేసులో నేను పెట్టిన, తేమ కొలిచే చిన్న మీటరు ఉంది. దాని ముల్లు పచ్చగీత మీదుంటే గిటారు ఊపిరి బాగా తీసుకుంటున్నట్టు.

నీ మీద నమ్మకంతోనే ఇంత దూరంలో నిద్రపోగలుగుతున్నాను.

ప్రభువు ప్రేమలో,
నీ జాన్ పాల్


ఉమ్మ్ అల్ హస్సామ్,
బహ్రెయిన్, మార్చి 2002

ప్రియమైన జాన్ పాల్ గారికి,

మీ ఉత్తరం అందింది. దాన్ని బైబిలులో పెట్టుకుని క్లినిక్‌కు తీసుకెళ్ళాను. పేషంట్లు లేనప్పుడు రిసెప్షన్ బల్ల కింద పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. డాక్టరమ్మ చూసి ఎవరు రాశారని అడిగితే ఇంటి నుంచి అన్నాను. అబద్ధం కాదు కదా.

మీరు చెప్పినట్టే చేశాను. నా గదిలో ఏసీ గాలి తగలని మూల ఒకటే ఉంది, అక్కడ నా మంచం ఉండేది. మంచం ఇటు లాగేసి ఆ మూల గిటారుకు ఇచ్చేశాను. ఇప్పుడు ఏసీ తిన్నగా నా మీదకే కొడుతోంది, పొద్దున్నే లేచేసరికి మెడ పట్టేస్తోంది. ఫరవాలేదు, దాని మెడ బాగుంటే చాలు. సబ్బుపెట్టెకు చిల్లులు పొడవడానికి సూది ఎర్రగా కాలిస్తే పక్క గదిలో వాసన వచ్చిందని గోల పెట్టారు. రోజూ క్లినిక్ నుంచి రాగానే చెప్పులు విప్పకముందే మీటరు చూస్తాను. ముల్లు పచ్చగీత మీదుంటే మీరు బాగున్నట్టే అనిపిస్తుంది.

శుక్రవారం ఆరాధనలో మీ చోటు ఖాళీగా ఉంది. కృపానందం అంకుల్ కీబోర్డు వాయిస్తున్నారు గానీ పాట నడవడం లేదు. కొత్త సంవత్సరం ఆరాధనలో మీరు లేచి నిలబడి, వచ్చే ఏడు మేమిద్దరం ఒకటై ఇక్కడ పాడతామని అందరి ముందూ చెప్పారు కదా, ఆంటీలు ఇంకా అదే చెప్పుకుని నవ్వుతున్నారు. నాకు సిగ్గేస్తోంది, బాగానూ ఉంది.

మీరు కాకినాడ వెళ్ళి మా రోజీ అక్కను కలుస్తానన్నారు. అమ్మా నాన్నా లేని దాన్ని, నా తరఫున అడిగే పెద్దదిక్కు అదొక్కతే. సామర్లకోట నుంచి బస్సెక్కితే ఎంతసేపు? అక్క మీ కోసం ఎదురు చూస్తోంది.

మీ
బ్లెస్సీ


సామర్లకోట,
ఏప్రిల్ 2002

ప్రియమైన బ్లెస్సీ,

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. మూల మార్చి మంచి పని చేశావు. కానీ ఆ మూల బాత్రూం గోడకు ఆనుకుని ఉందేమో చూడు, గోడకు చెమ్మ ఉంటే మరీ ప్రమాదం. కేసు నేల మీద కాకుండా ఏదైనా పీట మీద పెట్టు.

ఇక నుంచి మరింత జాగ్రత్తగా ఉండాలి. మే, జూన్ నెలల్లో వాయవ్యం నుంచి దుమ్ముగాలి లేస్తుంది కదా, అప్పుడు గాలిలో చుక్క తేమ ఉండదు. స్పాంజి తొందరగా ఆరిపోతుంది, చూసుకుంటూ ఉండు. ఆగస్టు వచ్చేసరికి అంతా తిరగబడుతుంది. గోడలకు కూడా చెమటలు పడతాయి. అప్పుడు స్పాంజి తీసేసి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్లగుళికల పొట్లాలు పెట్టాలి. ఇప్పటి నుంచే పోగుచేసి ఉంచు. తీగలు మెత్తటి గుడ్డతో తుడువు, నీ వేళ్ళు తగలనివ్వకు. చెమట ఉప్పుకు తుప్పు పడతాయి.

ఇక్కడ సంగతులు దేవుని సమయంలో దేవుడే చేస్తాడు. నువ్వు ప్రార్థనలో ఉండు. కాకినాడ వెళ్ళడానికి వీలు చిక్కడం లేదు.

ప్రభువు ప్రేమలో,
జాన్ పాల్


కాకినాడ,
మే 2002

చిన్నీ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. తిన్నగానే చెప్పేస్తాను.

మొన్న మీ బావ చుట్టాల పసివాణ్ణి చర్చిలో దేవునికి ప్రతిష్ఠ చేస్తున్నారని తాళ్ళరేవు వెళ్ళాం. అక్కడి చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు లేచి తన కూతురు జీవమ్మకు సంబంధం కుదిరిందని, సెప్టెంబరులో పెళ్ళని చెప్పి, పెళ్ళికొడుకును ముందుకు పిలిచారు. వచ్చింది జాన్ పాల్, నువ్వు పంపిన ఫోటోలో ఉన్న మనిషే. ఎవరిదో గిటారు అడిగి తీసుకుని ఒక కీర్తన కూడా వాయించాడు.

నేను ఊరుకోలేదు. భోజనాల దగ్గర పక్కకు పిలిచి అడిగాను. నీ అక్కనని చెప్పినా ముందు ఏమీ ఎరగనట్టు చూశాడు. తర్వాత తల దించుకుని, ఇది పెద్దలు చూసిన సంబంధమనీ, నాన్న మాట కాదనలేకపోయాననీ ఏవేవో చెప్పాడు. మరి మా చెల్లెలికి రాశావా అని అడిగితే అతనన్న మాట ఇది:

"ఇప్పుడే ఆవిడకి చెప్పకండి అక్కా. నా గిటారు ఆవిడ దగ్గరుందండి. అది నా చేతికొచ్చాక నేనే నెమ్మదిగా చెప్పుకుంటాను."

వినగానే నాకు చెయ్యి లేచింది, మీ బావ పట్టుకున్నారు.

చిన్నీ, ఏడవాలనిపిస్తే ఏడువు. కానీ అతనికి పంపాల్సింది పంపేసి, అనాల్సింది అనేసి వదిలించుకో. నీకు వేరే సంబంధం నేను చూస్తాను. ఫోను చెయ్యి.

మీ అక్క
రోజీ


ఉమ్మ్ అల్ హస్సామ్,
జూన్ 2002

ప్రియమైన జాన్ పాల్ గారికి,

మీ ఏప్రిల్ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, క్షమించండి. క్లినిక్‌లో పని ఎక్కువగా ఉంది.

గిటారు బాగుంది. పీట మీద పెట్టాను. దుమ్ముగాలి మొదలైంది, రోజూ స్పాంజి తడుపుతున్నాను. చెప్పుల డబ్బాల్లో పొట్లాలు పోగుచేస్తున్నాను. ఫెలోషిప్‌లో అందరికీ చెప్పి ఉంచాను.

ఒక్క సందేహం. మీరు ఇది చెయ్యకు, అది చెయ్యకు అని రాశారు గానీ, చేస్తే ఏమవుతుందో రాయలేదు. తెలిస్తే ఇంకా జాగ్రత్తగా ఉంటాను కదా. ఏసీ కింద పెడితే గిటారుకు ఏమవుతుంది? ఎన్నాళ్ళు పెడితే అవుతుంది? ఉక్కలో పెడితే? ఒకసారి పాడైతే మళ్ళీ బాగవుతుందా, లేక అంతేనా? పైకి కనిపిస్తుందా? తీరికగా రాయండి, తొందరేమీ లేదు.

అక్క మీ గురించి ఏమీ రాయలేదు. మీకింకా వీలు చిక్కి ఉండదు.

బ్లెస్సీ


సామర్లకోట,
జూలై 2002

ప్రియమైన బ్లెస్సీ,

నీ ప్రశ్నలు చూసి ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఇన్నేళ్ళలో నా గిటారు గురించి ఇలా అడిగిన మనిషి ఎవరూ లేరు. వివరంగా చెబుతాను.

ఏసీ గాలి తిన్నగా కొడితే ముందు మెడ చెక్క ఎండి సన్నబడుతుంది. మెడ మీద అడ్డంగా లోహపు బద్దలు ఉంటాయి చూడు, వాటిని ఫ్రెట్లు అంటారు. చెక్క ముడుచుకుంటుంది, అవి ముడుచుకోవు. అందుకని వాటి కొసలు పక్కకు పొడుచుకొస్తాయి. చేత్తో నిమిరితే రంపంలా గీసుకుంటుంది. కొన్ని వారాలు చాలు. తర్వాత వేళ్ళు ఆడించే నల్లచెక్క సన్నగా పగులుతుంది. ఇది ఒక ఎత్తు. ఎండిన గిటారును తీసుకెళ్ళి ఉక్కలో పెడితే చెక్క గబుక్కున ఉబ్బుతుంది. మళ్ళీ ఏసీలోకి తెస్తే ముడుచుకుంటుంది. ఇలా అటూ ఇటూ నలిగితే, అందులోనూ తీగలు బిగించి ఉంటే, మెడ మెలితిరిగిపోతుంది. లోపలున్న ఇనుపకడ్డీ వంపును సరిచేస్తుంది గానీ మెలికను సరిచేయలేదు. ఇక ఏ స్వరమూ పలకదు. ఎవరూ బాగుచేయలేరు. చచ్చినట్టే.

పైపైన చూస్తే మాత్రం ఏమీ కనిపించదు. నాకు ఇది అమ్మిన ఫిలిప్పీన్ ఆయనకు ఇలాంటిదే ఇంకొకటి ఉండేది. గది మారినప్పుడు ఒక వేసవంతా బాల్కనీ గదిలో వదిలేశాడట. రంగు నిగనిగలాడుతూ ఉందట, వాయిద్దామని ఒళ్ళో పెట్టుకుంటే శవంలా ఉందట. చెబుతూ ఏడ్చాడు ఆ మనిషి.

నువ్వుండగా నా గిటారుకు ఆ గతి పట్టదు. వీసా ఇంకా తేలలేదు. మిగతా సంగతులు తర్వాత.

ప్రభువు ప్రేమలో,
జాన్ పాల్


ఉమ్మ్ అల్ హస్సామ్,
ఆగస్టు 2002

అక్కా,

ఫోన్‌లో నేను మాట్లాడటం లేదని బాధపడుతున్నావు. అక్కడ చెప్పలేనిది ఇందులో రాస్తున్నాను.

ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. పెళ్ళి కబురు కృపానందం అంకుల్ వాళ్ళింటికి ఫోన్‌లో వచ్చిందట. శుక్రవారం ఆరాధన అయ్యాక ఆంటీలు నా చుట్టూ చేరారు. ఒకావిడ నా వీపు నిమిరింది. ఇంకొకావిడ, నీకు రాసిపెట్టినవాడు వేరే ఉన్నాడమ్మా అంది. మర్నాడు చావింటికి తెచ్చినట్టు గిన్నెల్లో కూరలు తెచ్చి ఇచ్చి వెళ్ళారు. వాళ్ళ జాలి చూస్తే ఒంటి మీద ఈగలు వాలినట్టుంది. అతను మాత్రం ఆ పెళ్ళి గురించి నాకు ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. తీగలు తుడువు, గుడ్డ మెత్తగా ఉండాలి. ఇవే రాస్తాడు.

గిటారును ఏం చేస్తున్నావని అడిగావు. చెబుతాను. మంచం మళ్ళీ నా మూలకు లాక్కున్నాను. గిటారును కేసులోంచి తీసి, తీగలు బిగించి, ఏసీకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. జూలైలో నీ ఇష్టం వచ్చినంత చల్లగాలి తాగు అని వదిలేశాను. ఫ్రెట్ల కొసలు బయటికొచ్చాయి. అతను రాసింది నిజమే, నిమిరితే వేలు తెగింది. ఆగస్టు ఉక్క మొదలవగానే పగలు బాల్కనీలో, పలచటి దుప్పటి కప్పి ఉంచుతున్నాను. క్లినిక్ నుంచి రాగానే మళ్ళీ ఏసీ ముందుకు తెస్తున్నాను. మొన్న కూరగాయలు తరుగుతుంటే వెనక టిక్కుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే నల్లచెక్క మీద సన్నటి పగులు. ఆ రోజు చాలాకాలానికి ఆకలేసి కడుపునిండా అన్నం తిన్నాను.

నేను దాన్ని నేలకేసి కొట్టలేదక్కా. రంగు మీద గీత కూడా పడనివ్వలేదు, రోజూ తుడుస్తున్నాను. అతనికి మాత్రం బాగుందనే రాస్తున్నాను. నన్ను ఎలా ఉంచాడో అలాగే.

బ్లెస్సీ


కాకినాడ,
సెప్టెంబరు 2002

చిన్నీ,

నీ ఉత్తరం చదివి, ఇది నా చెల్లెలి చేతిరాతేనా అని వెనక్కి తిప్పి చూశాను.

నీకు కోపం రాకూడదని అనను. నువ్వు ఆ గిటారును సముద్రంలో పారేశానన్నా నేను సంతోషించేదాన్ని. కానీ రోజూ లేచి, దాన్ని నిమిరి చూసుకుని, కొంచెం కొంచెంగా చంపుతూ, పైకి బాగుందని రాయడం నాకు భయంగా ఉంది. అది నీకు అలవాటైపోతుందేమోనని భయం.

ఇంకొక సంగతి. పెళ్ళి మొన్న అయిపోయింది. నేను వెళ్ళలేదు, మీ బావ వెళ్ళొచ్చారు. ఆ పిల్ల జీవమ్మకు పంతొమ్మిదేళ్ళు కూడా నిండినట్టు లేవట. వాళ్ళ నాన్న చర్చిలో హార్మోనియం వాయిస్తుంది. నీ సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఆమె మీద మాత్రం కోపం పెట్టుకోకు.

గిటారును ఉన్నదున్నట్టు అతనికి పంపించు. పాడు చేశానని, కోపమొచ్చి చేశానని రాసెయ్యి. అతను తిడితే తిట్టనీ. నువ్వు చేసింది నీ నోటితో చెప్పేస్తే అక్కడితో పోతుంది.

మీ అక్క
రోజీ


హైదరాబాదు,
అక్టోబరు 2002

సహోదరి బ్లెస్సీ గారికి వందనాలు.

దేవుని కృపవల్ల నా వివాహం తాళ్ళరేవులో జరిగింది. మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నేనే రాయాలనుకున్నాను గానీ మీ మనసు నొచ్చుకుంటుందని ఆగాను. మన మధ్య ఉన్నది ఆత్మీయ సహవాసమే తప్ప మరొకటి కాదని మీరూ గ్రహించే ఉంటారు. కొత్త సంవత్సరం ఆరాధనలో నేనన్న మాటను సంఘంవారు మరోలా తీసుకున్నారు. మీరు నాకు సొంత చెల్లెలి లాంటివారు.

బహ్రెయిన్ వీసా రాలేదు. ఇక్కడే ఒక కంపెనీలో చేరాను. క్రిస్మస్‌కు తాళ్ళరేవు వెళ్తాను. ఆ ఆరాధనలో మా మామగారు నా చేత గిటారు వాయించాలని ఊరంతా చెప్పి ఉంచారు. కృపానందం అంకుల్ నవంబరులో సెలవు మీద వస్తున్నారు కాబట్టి గిటారు ఆయన చేతికి ఇవ్వండి. ఆయన తాళ్ళరేవులో నా భార్యకు అందజేస్తారు. తీగలు వదులు చేసి పంపండి. నా మీద ఏమైనా మనస్తాపం ఉంటే నోరులేని గిటారు మీద చూపవద్దని నా మనవి. మీరలా చేసే మనిషి కారని నాకు తెలుసు.

క్రీస్తులో మీ సహోదరుడు
జాన్ పాల్


ఉమ్మ్ అల్ హస్సామ్,
నవంబరు 2002

సహోదరుడు జాన్ పాల్ గారికి వందనాలు.

మీ వివాహ శుభవార్త విని సంతోషించాను. మీ ఇద్దరినీ దేవుడు దీవించాలి.

గిటారు కృపానందం అంకుల్‌కు అప్పజెప్పాను. మనామా వెళ్ళి కొత్త తీగలు కొని, మ్యూజిక్ షాపులోనే వేయించాను. మీరు చెప్పినట్టు వదులు చేశాను. అంకుల్ ముందే కేసు తెరిచి చూపించాను. ఎర్రగా మెరిసిపోతుంటే ఆయన ముచ్చటపడి, అల్లుడిలా చూసుకున్నావమ్మా అన్నారు.

ఒక్క మనవి. ఇక్కడి గాలి వేరు, తాళ్ళరేవు గాలి వేరు. మార్పు పడదని మీరే కదా నేర్పారు. అందుకని మీరు వెళ్ళేదాకా కేసు తెరవకుండా అలాగే ఉంచమనండి. కొంచెం కొంచెంగా ఆ గాలికి అలవాటు పడుతుంది. మీ భార్యకు ఈ సంగతులు తెలియవేమో, ఎక్కడ పెట్టాలో ఎలా చూసుకోవాలో చెప్పండి. నేను మీ మాట ఒక్కటీ జవదాటలేదు. ఆమె కూడా అంత జాగ్రత్తగా ఉంటుందని ఆశిస్తాను.

సహోదరి
బ్లెస్సీ


తాళ్ళరేవు,
జనవరి 2003

బ్లెస్సీ అక్కగారికి జీవమ్మ నమస్కరించి రాయునది.

నేనెవరో మీకు తెలుసు. ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి. మీ చిరునామా ఆయన దాచుకున్న మీ ఉత్తరాల మీద చూశాను.

కృపానందం అంకుల్ గిటారు తెచ్చి ఇచ్చినప్పుడు ఆయన హైదరాబాదులో ఉన్నారు. తెరవొద్దని ఫోన్‌లో చెప్పారు. నేను తెరవలేదండి. నాన్నగారి గదిలో పీట మీద పెట్టి, పైన శుభ్రమైన దుప్పటి కప్పాను. రోజూ దుమ్ము తుడిచాను. క్రిస్మస్ ముందురోజు ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే కేసు తెరిచారు. మెడ వెంట వేలు పెట్టి చూసి, తీగలు బిగించి మీటారు, ఒక్క స్వరమూ సరిగ్గా పలకలేదు. తర్వాత నన్ను పిలిచి, ఎక్కడ పెట్టావు, ఎండలో పెట్టావా, వానకు తడిపావా అని అడిగారు. తెరవనే లేదని చెప్పాను. నమ్మలేదు. నాన్నగారు బైబిలు మీద చెయ్యి వేసి చెప్పినా నమ్మలేదు. అది అక్కడి నుంచి వచ్చేటప్పటికే అలా ఉందేమో అన్నాను. ఆ మాట అన్నందుకే ఎక్కువ కోపం వచ్చింది.

"బ్లెస్సీని నేను మోసం చేసినా ఆవిడ నా గిటారును కన్నబిడ్డలా చూసింది. ఆవిడ అబద్ధం ఆడదు. అబద్ధం ఆడేది నువ్వే" అన్నారు.

నా కుడిచెయ్యి పట్టుకుని కేసులో పెట్టి మూత వేసి దాని మీద మోకాలు ఆనించారు. మూడు వేళ్ళు విరిగాయి. కాకినాడలో కట్టు కట్టారు, వంకరగానే అతుక్కుంటాయన్నారు. ఇక హార్మోనియం లేదండి. క్రిస్మస్ ఆరాధనకు నన్ను రానివ్వలేదు. ఇప్పుడు నన్ను హైదరాబాదు తీసుకెళ్తానంటున్నారు. ఆయనతో ఒంటరిగా ఉండాలంటే భయంగా ఉంది.

మీకు ఆయన మాట ఇచ్చిన సంగతి నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. ముందే తెలిసి ఉంటే నాన్నగారితో చెప్పి వద్దనేదాన్ని. తెలియక మీ చోటు తీసుకున్నందుకు నన్ను క్షమించండి.

అక్కా, మిమ్మల్ని ఒక్కటే వేడుకుంటున్నాను. గిటారు ఎలా పాడైందో నేను అడగను. దారిలో అయిందో, ముందే అయిందో నాకు తెలియదు. నా చేతిలో మాత్రం కాలేదు. అక్కడి నుంచి వచ్చేటప్పటికే కొంచెం తేడాగా ఉందని ఆయనకు ఒక్క ముక్క రాయండి. మీ మాట ఒక్కటే ఆయన నమ్ముతారు. నేను మీకు రాసినట్టు మాత్రం ఆయనకు తెలియనివ్వకండి. తెలిస్తే నన్ను బతకనివ్వరు.

మీ చెల్లెలు
జీవమ్మ


ఉమ్మ్ అల్ హస్సామ్,
ఫిబ్రవరి 2003

సహోదరుడు జాన్ పాల్ గారికి వందనాలు.

మీ భార్య నాకు ఉత్తరం రాశారు. గిటారుకు జరిగింది చదివి నిలువునా కూలిపోయాను. అంత కాలం కంటికి రెప్పలా కాచిన దాన్ని కొద్ది వారాల్లో ఇలా చేశారంటే నమ్మలేకపోతున్నాను.

అది ఇక్కడే పాడైందని మీకు రాయమని ఆమె నన్ను బతిమాలుకున్నారు. అబద్ధపు సాక్ష్యం నేను ఎలా చెప్పగలను? గిటారు నా చేతి నుంచి వెళ్ళేటప్పుడు ఏ లోపమూ లేకుండా ఉంది. కృపానందం అంకుల్‌ను అడగండి. మన ఇద్దరి మధ్య జరిగిన వాటికీ, ఈ విషయానికీ ముడిపెట్టవద్దు.

చేతికి దెబ్బ తగిలిన సంగతి కూడా ఆమె రాశారు. మీరలా చేస్తారంటే నేను నమ్మను. చిన్న వయసు, భయంతో ఏవేవో రాసి ఉంటారు. తాను రాసినట్టు మీకు చెప్పవద్దన్నారు గానీ, భార్యాభర్తల మధ్య దాపరికం ఉండకూడదని నా ఉద్దేశం. ఆమె ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను. తీరిగ్గా చదువుకోండి.

మా అక్క నాకొక సంబంధం చూసింది. మే నెలలో పెళ్ళి. మీరిద్దరూ తప్పక రావాలి.

సహోదరి
బ్లెస్సీ